పచ్చగుడ్డ కింద చెయ్యి

ఆసుపత్రి క్వార్టర్లు, రెండో అంతస్తు
జూన్ 9

అక్కా,

కమిటీ తేల్చేదాకా మనిద్దరం మాట్లాడుకోకూడదట. ఫోన్లు కూడా వద్దని సూపరింటెండెంటుగారు గదిలోకి పిలిచి మరీ చెప్పారు. ఉత్తరాల సంగతి ఆయనకి తట్టినట్టు లేదు. ఈ రోజుల్లో ఎవరు రాస్తారులే అనుకుని ఉంటారు.

ముందు మీరు కంగారు పడకండి. మిమ్మల్ని సస్పెండ్ చెయ్యడం పద్ధతి ప్రకారం చేసింది, అంతే. ఆ రోజు ఏం జరిగిందో మనకి తెలుసు. ఆ అమ్మాయి పద్దెనిమిది గంటలు నొప్పులు పడి వచ్చింది. బిడ్డ తల కటి ఎముకల మధ్య బిరడాలా బిగుసుకుపోయింది. కడుపు కోసినా తల పైనుంచి చేతికి అందదు. అలాంటప్పుడు కింద నుంచి మీరు చెయ్యి పెట్టి నెట్టడం, పైనుంచి నేను అందుకోవడం పదకొండేళ్ళుగా మనకి అలవాటే. ఈసారి బిడ్డ కుడి చెవి పైన ఎముక లోపలికి నొక్కుకుపోయింది. మూడో రోజు బిడ్డ పోయింది. ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి ఇలా అవుతుందని పుస్తకాల్లోనే ఉంది.

నర్సు అలా చెయ్యి పెట్టొచ్చని ఎక్కడా రాసి లేదు, పెట్టకూడదనీ రాసి లేదు. గొడవంతా అక్కడే. మిమ్మల్ని పిలిచినప్పుడు "డాక్టరు చెప్పారు, అరచేత్తో నెట్టాను" అనండి. అంతకు మించి ఒక్క మాట వద్దు.

కోత పెట్టాక ఎన్ని నిమిషాలైందో కొత్త సిస్టరు మీలా పైకి పిలిచి చెప్పదు. మిమ్మల్ని గడియారం అని ఎందుకన్నానో అందరికీ ఇప్పుడు తెలుస్తోంది. వేళకి తినండి.

మీ
డాక్టరమ్మ


తమ్ముడి ఇల్లు, ఇస్త్రీ షాపు వెనక గది
జూన్ 17

డాక్టరమ్మగారికి నమస్కారం.

మీ ఉత్తరం మా మరదలు తెచ్చిచ్చింది. "వదినా, మీకు ప్రేమలేఖ వచ్చింది" అని షాపంతా వినబడేలా అరిచింది. "యాభై ఒక్కేళ్ళదానికి రాసినవాడు గుడ్డివాడై ఉంటాడులే" అన్నాను. నవ్వారు. ఇక్కడికొచ్చాక నా వల్ల ఎవరైనా నవ్వడం అదే మొదలు.

ఇక్కడ దుప్పట్లు మడతపెడుతున్నాను. వదిన మడిస్తే అంచులు కత్తిలా ఉంటాయని మరదలు వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది. "ఆసుపత్రిలో చేసింది కదా" అంటుంది. ఆ మాట అనగానే నోరు మూసుకుంటుంది. ఎందుకు మూసుకుందో వచ్చినవాళ్ళకి తెలుసు. నా చేతుల వంక చూస్తారు.

మీరు అరచేత్తో నెట్టానని చెప్పమన్నారు. నేను అరచేత్తో నెట్టలేదు డాక్టరమ్మా. రెండు వేళ్ళతో నెట్టాను. అరచెయ్యి పట్టడానికి అక్కడ చోటేది? మీ చెయ్యి అప్పటికే అక్కడుంది.

కమిటీ పెద్దాయన కాగితాలు తిరగేస్తూ "రిజిస్ట్రేషన్ రద్దు దాకా వెళ్ళొచ్చు" అన్నాడు, ఏదో బస్సు లేటుగా వస్తుందని చెప్పినట్టు. ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. అది పోతే నేనెవర్ని? దుప్పట్లు మడిచే వదినని.

ఒక్కటే అడుగుతున్నాను. నాలుగో నిమిషంలో నేను మిమ్మల్ని ఏమడిగానో, మీరు ఏమన్నారో కేస్ షీట్‌లో రాశారా?

ఇట్లు,
సిస్టరు


ఆసుపత్రి క్వార్టర్లు
జూలై 2

అక్కా,

జవాబు ఆలస్యమైంది. పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. బిగుసుకుపోయిన తలని తియ్యడానికి ఎన్ని దారులున్నాయో మళ్ళీ మొదటినుంచీ చదివాను. కింద నుంచి నెట్టడం ఒకటి. పైన కాళ్ళు వెతికి, రెండూ పట్టుకుని, బిడ్డని కాళ్ళ వైపు నుంచి లాగడం ఇంకొకటి. ముందు భుజాలు, తర్వాత నడుము, కాళ్ళు, ఆఖరున తల తీసే పద్ధతి కూడా ఉంది. నెడితే బిడ్డ ఎముకకి ప్రమాదమని ఒక పుస్తకం, లాగితే తల్లి గర్భసంచి చిరుగుతుందని ఇంకో పుస్తకం. ఒకదానిలో మేలన్నది ఇంకోదానిలో కీడు. గట్టిగా చెప్పినవాళ్ళెవరూ లేరు. చేతికి అలవాటైనదే మంచి పద్ధతి అని ఒకాయన రాశాడు. అది చదివి పుస్తకం మూసేశాను.

మీ ప్రశ్నకి వస్తాను. ఆ గందరగోళంలో ఎవరు ఏ నిమిషంలో ఏమన్నారో నాకు స్పష్టంగా గుర్తు లేదు. మీకూ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు సగం సగం జ్ఞాపకాలు కాగితం మీద పెట్టడం ఇద్దరికీ మంచిది కాదేమో.

మొన్న ఒకే వారంలో నాలుగు ఆపరేషన్లు. ఈ చుట్టుపక్కల కోసే చెయ్యి నాదొక్కటే. అది మీకు నేను చెప్పక్కర్లేదు. మా అమ్మ మిమ్మల్ని అడుగుతోంది.

మీ
డాక్టరమ్మ


ఇస్త్రీ షాపు వెనక గది
జూలై 11

డాక్టరమ్మగారికి,

కమిటీ గుమాస్తా కేస్ షీట్ చదివి వినిపించాడు. మూడు లైన్లు. తల బిగుసుకుంది, నర్సు కింద నుంచి నెట్టింది, బిడ్డ పుట్టింది. మీరు కాళ్ళు వెతికిన సంగతి అందులో లేదు. నేను అడిగింది లేదు. మీరు "ఆగండి" అన్నది లేదు.

మీకు గుర్తు లేదన్నారు. నాకు టైముతో సహా గుర్తుంది. నన్ను గడియారం అన్నది మీరే.

సిస్టరు


ఆసుపత్రి క్వార్టర్లు
జూలై 28

అక్కా,

గుర్తు లేదన్నది అబద్ధం. ఒక్క క్షణం కూడా మర్చిపోలేదు. స్నానం చేస్తున్నా, అమ్మకి మాత్రలు ఇస్తున్నా అదే నడుస్తుంటుంది.

మార్చిలో శిక్షణకి వెళ్ళాను కదా. అక్కడ రబ్బరు కడుపులోంచి ప్లాస్టిక్ బిడ్డని కాళ్ళు పట్టి లాగడం నేర్పించారు. పన్నెండుసార్లు లాగాను, పన్నెండుసార్లూ వచ్చింది. రబ్బరు బిగుసుకోదు కదా. పక్కనున్న చిన్న డాక్టరు "ఇంకా కింద నుంచి తోయిస్తున్నారా మేడమ్?" అని నవ్వింది. ఆ నవ్వు ఒక్కటే అయితే మర్చిపోయేదాన్ని. మన ఆసుపత్రిలో ఒక జోకుంది, మీరూ వినే ఉంటారు: కడుపు కోసేది డాక్టరమ్మ, బిడ్డని ఇచ్చేది గడియారం. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. ఎన్నడూ మింగుడు పడలేదు. మీ చెయ్యి లేకుండా నాకు చేతకాదా అన్న మాట పదకొండేళ్ళు నాలో నాకే వినబడుతూ వచ్చింది.

అందుకే ఆ రోజు కోతకి ముందు మిమ్మల్ని సిద్ధంగా ఉండమనలేదు. గర్భసంచి వదులయ్యే మందు సిద్ధం చెయ్యమని మత్తు డాక్టరుకీ చెప్పలేదు. చెప్తే నేను ఏం చెయ్యబోతున్నానో అందరికీ తెలుస్తుంది, కుదరకపోతే అదీ తెలుస్తుంది. ఇంత చిన్న సిగ్గు అక్కా! ఒక బిడ్డ ప్రాణం ముందు ఇంత చిన్నది.

కాలు అనుకుని పట్టుకున్నది చెయ్యి. వదిలేసి మళ్ళీ వెతికాను. మీరు "నాలుగు" అన్నారు. "చెయ్యి పెట్టనా డాక్టరమ్మా?" అన్నారు. "ఆగండి" అన్నాను. ఐదు. ఆరు. గర్భసంచి నా మణికట్టు చుట్టూ బిగిసింది. కాళ్ళు వదిలేసి తల దగ్గరికి వచ్చి, వేళ్ళు కిందికి దూర్చి, మణికట్టుని ఎముకకి ఆనించి గడ్డపారలా మీటాను. అలా మీటకూడదని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి చెప్పేది నేనే. ఏడో నిమిషంలో "తొయ్యండి" అని అరిచాను. నా చెయ్యి బయటికి తియ్యకుండానే అరిచాను. మీకు అరచెయ్యి పట్టే చోటు లేకుండా చేసింది నేను. తొమ్మిదో నిమిషంలో బిడ్డ వచ్చింది.

కేస్ షీట్ రాయబోతుంటే సూపరింటెండెంటుగారు పక్కనే నిలబడి, "ఎంత తక్కువ రాస్తే అంత మంచిదమ్మా" అన్నారు. మూడు లైన్లు రాశాను. ఆయన చెప్పబట్టి రాశానని మీకు చెప్పాలని ఉంది. కానీ ఆయన పక్కన లేకపోయినా అంతే రాసేదాన్నేమో.

ఎముకని విరిచింది నేను మీటడమా, మీ వేళ్ళా? రోజూ ఒకసారి నేనని, ఒకసారి మీరని తీర్పు చెప్పుకుంటాను. ఏ తీర్పూ పొద్దుటిదాకా నిలబడదు.

ఇప్పుడు నిజం రాస్తే నన్ను కత్తి పట్టనివ్వరు. థియేటర్ మూతపడుతుంది. ఇంకో థియేటర్ నాలుగు గంటల దూరం. దారిలో ఎవరైనా పోతే? ఇది నిజంగా నా భయమా, నేను దాక్కోవడానికి కట్టుకున్న గోడా? నాకు తెలియడం లేదు. మీరే చెప్పండి, రాయనా?

మీ
డాక్టరమ్మ


ఇస్త్రీ షాపు వెనక గది
ఆగస్టు 6

డాక్టరమ్మా,

ఇప్పుడు అడుగుతున్నారా నన్ను? ఆ రోజు అడగాల్సింది.

ఈ మాట రాసి రెండు రోజులు కాగితం పక్కన పెట్టేశాను. ఇంకా పెద్ద పెద్ద తిట్లు రాద్దామనుకున్నాను. దుప్పట్లు మడుస్తూ మనసులో బోలెడు తిట్టాను కూడా. మరదలు "ఎవర్ని వదినా నమిలేస్తున్నారు?" అంది. తిట్లన్నీ అయ్యాక ఒకటి మిగిలింది. అది నాది.

నేనూ ఒకటి దాచాను. మీ దగ్గరా దాచాను, కమిటీ దగ్గరా దాచాను. "చేతికి ఏమైనా తగిలిందా?" అని కమిటీలో ఒకామె అడిగింది. లేదన్నాను. తగిలింది డాక్టరమ్మా. నేను ఇంకా నెట్టలేదు, వేళ్ళు ఆనించానంతే. అక్కడ గుంట ఉన్నట్టనిపించింది. అప్పుడు ఆగాల్సింది. "గుంట తగులుతోంది" అని నోరు తెరిచి అనాల్సింది. మీరు పైనుంచి అరుస్తున్నారు. ఆపరేషన్‌కి కప్పే ఆ పచ్చగుడ్డ కింద మీ గొంతు తప్ప ఇంకేం లేదు నాకు. నెట్టాను. ఆ గుంట మీదే నెట్టానేమో.

లేక గుంటే లేదేమో. అన్ని గంటలు బిగుసుకున్న తల నీరు పట్టి ఉబ్బుతుంది, మెత్తగా ఉంటుంది. మెత్తదనం కూడా వేలికి గుంటలాగే తగులుతుంది. నా వేళ్ళు ఇరవై తొమ్మిదేళ్ళవి. వాటికీ తేడా తెలియలేదు.

ఎందుకు చెప్పలేదంటారా? చెప్తే డాక్టరు మీదికి తోసేస్తోందంటారని. ఇంకో భయం కూడా ఉంది. గుంట తెలిసీ నెట్టావా అని అడుగుతారని.

థియేటర్ మూతపడుతుందన్నారు. పడుతుంది. అది నిజం భయమే. గోడ కూడా అదే. రెండూ అయి ఉండొచ్చు కదా? మీ అంత చదువుకోనిదాన్ని, నాకలా అనిపిస్తోంది.

రాయండి. ఆడవాళ్ళ కోసమనీ న్యాయమనీ పెద్ద మాటలు వద్దు. నాకోసం రాయండి. నాకోసం కాదు అని రాయాలని ఉంది, బాగుంటుంది కూడా, కానీ నాకోసమే. నా చేతులు నాక్కావాలి. సెప్టెంబరు మూడున కమిటీ ఆఖరిసారి కూర్చుంటుంది. నా గుంట సంగతి కూడా అందులో పెట్టండి. పెట్టకపోతే నేనే చెప్తాను.

ఇట్లు,
సిస్టరు


ఆసుపత్రి క్వార్టర్లు
సెప్టెంబరు 14

అక్కా,

రెండో తారీఖున నేనే వెళ్ళి కమిటీకి రాసిచ్చాను. నాలుగు పేజీలు. మీ గుంట సంగతి మీ మాటల్లోనే రాశాను. సూపరింటెండెంటుగారు వరండాలో నిలబడే చదివారు. "ఇంత చదివింది ఇందుకేనా అమ్మా?" అన్నారు. కోపంగా కాదు, జాలిగా. అదే ఎక్కువ తగిలింది. ఆ సాయంత్రానికే నేను ఆపరేషన్లు చెయ్యకూడదని ఆర్డరు వచ్చింది. థియేటర్‌కి తాళం వేశారు.

ఆరు రోజులు గడిచాయి. ఎనిమిదో తారీఖు పొద్దున పదింటికి ఒకామె వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. దారి పూర్తిగా తెరుచుకుంది, తల బిగుసుకుపోయింది. మళ్ళీ అదే, అక్కా! తాళం వేసిన తలుపు ముందు నిలబడి ఆర్డరు కాగితం వంకా, ఆమె వంకా చూశాను. తాళం పగలగొట్టి కోసేద్దామా అనిపించింది. నా చేతుల మీద నాకే నమ్మకం లేక ఆగానో, ఆర్డరుకి భయపడి ఆగానో చెప్పలేను. ఆమెని అంబులెన్సు ఎక్కించాం. నేనూ ఎక్కాను. ఎక్కకూడదని ఆర్డర్లో లేదు.

నాలుగు గంటల ఇరవై నిమిషాలు. నొప్పి వచ్చినప్పుడల్లా "తీసేయండి, ఎలాగోలా తీసేయండి" అని నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది. ఎలా తియ్యాలో చదువుకున్న మూడు దారులూ నా తలలో ఉన్నాయి. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. బిడ్డ గుండె వింటూ కూర్చున్నాను. వింటూ ఉండటం తప్ప ఏమీ చెయ్యలేదు.

పెద్దాసుపత్రిలో సర్జను చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. మిగతా రెండు థియేటర్లూ నడుస్తున్నాయి, మనుషులు లేరు. కోత పెట్టకముందే తలెత్తి, "కింద చెయ్యి పెట్టేవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగింది. ఎంత మామూలుగా అడిగిందో! దాహం వేస్తే నీళ్ళడిగినట్టు. "నేనున్నాను" అన్నాను. "డాక్టర్నే, కానీ ఆపరేషన్ చెయ్యకూడదని ఆర్డరుంది" అన్నాను. "కోసేది నేను. మీరు చెయ్యి పెట్టండి చాలు" అంది.

ఆ పచ్చగుడ్డ కింద ఏమీ కనబడదు అక్కా. పదకొండేళ్ళు మీరక్కడ ఉన్నారు, ఒక్కసారీ నేను వంగి చూడలేదు. నడుము వంచి, మెడ తిప్పి, మొహానికి గుడ్డ తగులుతుంటే ఊపిరి కూడా సరిగ్గా ఆడదు. పైన వెలుతురంతా వాళ్ళది. మనకి ఒక గొంతు, ఒక చెయ్యి. ఆ గొంతు ఏం చెప్తే అదే లోకం. "నా చెయ్యి ఇంకా లోపల పెట్టలేదు. నొప్పి తగ్గనివ్వండి" అంది ఆ పిల్ల. ఆగాను. "ఇప్పుడు, మెల్లగా" అంది. వేళ్ళు విప్పి, అరచెయ్యి దొప్పలా చేసి, మీరు ఎలా చేస్తారో చెప్పేవారే, అలాగే తలంతా చేతిలోకి తీసుకుని ఎత్తాను. కదల్లేదు. నా వేళ్ళ కింద గుంటలున్నట్టే అనిపించింది, అన్నీ గుంటలే. "చేతికి మెత్తగా తగులుతోంది" అని బయటికి అన్నాను. "ఆపండి. చెయ్యి ఇంకొంచెం వెడల్పు చెయ్యండి" అంది. చేశాను. అప్పుడు తల పైకి జరిగింది. నా చేతిలోంచి వెళ్ళిపోయింది. చెయ్యి ఖాళీ అయింది.

బిడ్డ ఏడ్చింది. తల బాగానే ఉంది. ఎవరో నన్ను రెక్క పట్టుకుని గుడ్డ కిందనుంచి లేపారు.

తల్లి ఇంకా కళ్ళు తెరవలేదు. గర్భసంచి పక్కకి చిరిగి చాలా రక్తం పోయింది. ఇక్కడి థియేటర్ తెరిచి ఉంటే నాలుగు గంటలు ముందే అయ్యేది. నేను నిజం రాసినందుకు ఆమె చచ్చిపోతే? రాయకుండా ఉంటే మీరు బతికుండీ చచ్చినట్టే ఉండేవారు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను, చూపు నిలవడం లేదు. ఓదార్చమని అడగడం లేదు. మీకు తప్ప ఎవరికీ అర్థం కాదు, అందుకని రాస్తున్నాను.

మీ
డాక్టరమ్మ


ఇస్త్రీ షాపు వెనక గది
అక్టోబరు 4

డాక్టరమ్మా,

ఆర్డరు వచ్చింది. నా రిజిస్ట్రేషన్ ఉంచారు. హెచ్చరిక రాశారు, అది సరైనదే. పదిహేనో తారీఖున చేరమన్నారు. మీకు ఏడాది కత్తి లేదని, తర్వాత కూడా ఇంకో డాక్టరు ముందే ఆపరేషన్లు చెయ్యాలని రాశారు. నాకు సంతోషంగా ఉంది. మీకు ఏడాది పోయినందుకు బాధగా కూడా ఉంది. అబద్ధం చెప్పను, సంతోషమే ఎక్కువ. మీ తర్వాత వచ్చే డాక్టరు ఎవరైనా సరే, మొదటిరోజే చెప్తాను, కోతకి ముందు నన్ను అడగాలని.

పెద్దాసుపత్రికి ఫోన్ చేశాను. మీ ఇరవై ఏళ్ళ అమ్మాయి కళ్ళు తెరిచిందట. గంజి తాగుతోందట. ఇంకా లేచి నడవలేదు. మీకెవరూ చెప్పి ఉండరని రాస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆర్డరు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆఫీసు మెట్ల మీద ఆమె కనబడింది. మన ఆమె. బిడ్డ పోయిన తల్లి. ఏదో కాగితం కోసం వచ్చి కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది. తిడుతుంది, ఉమ్మేస్తుంది, ఏదో ఒకటి చేస్తుందనుకున్నాను. దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"సిస్టరు గారూ, నేను నొప్పులు సరిగ్గా తియ్యలేదని, అందుకే లోపల బిడ్డ తల నలిగిందని మా అత్త అంటుంది. మా ఆయన కూడా అలాగే అనుకుంటున్నాడు. నిజమేనా?"

"కాదమ్మా" అన్నాను.

"మరి?"

గుమాస్తా పిలిచాడు, వెళ్ళిపోయాను. పారిపోయాననండి.

నాలుగు నెలలు డాక్టరమ్మా! మీదా నాదా అని మనం కాగితాల మీద కాగితాలు రాసుకున్నాం. కమిటీకి రాశారు. ఆమెకి ఒక్క మాట ఎవరం చెప్పలేదు. మన ఇద్దరి తప్పూ ఆమె ఒక్కతే మోస్తోంది, తనదనుకుని.

ఇల్లు కనుక్కున్నాను. బస్టాండు వెనక మూడో సందు, మేడ మీద గది. ఆదివారం పదింటికి మెట్ల దగ్గర ఉంటాను. మీరు రండి. అత్త ముందే చెప్దాం, ఆయన్నీ కూర్చోబెట్టి చెప్దాం. ఎవరి చెయ్యో మాకు తెలియదు, మా ఇద్దరిలో ఒకరిది, నీది మాత్రం కాదు అని. కొడితే తిందాం. గెంటేస్తే మెట్ల మీద కూర్చుందాం.

తలుపు నేను కొడతాను. మొదటి మాట మీది.

ఇట్లు,
సిస్టరు